నీళ్ళు అడిగే బ్యాటరీ

గౌరవనీయులైన ఇంజనీరు గారికి,

ఈ మాట ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే నెలాఖరున కరెంటు ఆఫీసువాళ్ళు నా మీటరు విప్పుకుని పోతారట. మీరు బిగించిన సోలార్ ప్యానెళ్ళతోనే ఇల్లంతా నడుస్తోంది: రెండు లైట్లు, ఒక ఫ్యాను, జిగురు కాచే హీటరు. లోపమేమీ లేదు. అయినా మీటరు ఉంచుకునే దారి ఉందా?

ఇట్లు,
పుస్తకాలకు అట్టలు కట్టే ముసలాయన

తా.క. రీడింగు తీసే ఆయన నెలనెలా వచ్చి, "ఏం పెదనాన్నా, ఇంతేనా వాడకం? చీకట్లో కూర్చుంటున్నావా?" అనేవాడు. నన్ను అడిగే మనిషి ఆయనొక్కడే.

*

అట్టల మాస్టారికి నమస్కారాలు.

మీ ఆందోళన వర్షాకాలం గురించేనని గ్రహించాను. మీ వాడకం రోజుకు ఒకటింపావు యూనిట్లు. ఎండ లేకున్నా బ్యాటరీ మూడు రోజులు మోస్తుంది. మీటరు అనవసరం. ప్యానెళ్ళు తుడవడానికి వారం వారం మనిషి రావడం వల్ల మీకు కలిగే ఇబ్బంది తొలగించడానికి, దానంతటదే నీళ్ళు చల్లే గొట్టం పంపుతున్నాను.

భవదీయుడు,
సౌర విభాగం ఇంజనీరు

*

ఇంజనీరు గారికి,

గొట్టం దివ్యంగా చల్లుతోంది. తుడిచే ఆవిడ వచ్చి చూసి, "నాకంటే ఇదే నయం బాబాయ్" అని గడప దాటకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇన్వర్టరు మూలుగుతోంది. ఒకసారి వచ్చి వింటారా?

ఇట్లు,
అట్టల ముసలాయన

తా.క. మూలుగు దానిదో నాదో తేల్చడానికి రెండో మనిషి కావాలి.

*

మాస్టారికి నమస్కారాలు.

ఆ శబ్దం సహజం. అయినా మీ నిశ్చింత కోసం, ఇంటి రీడింగులన్నీ మా ఆఫీసుకే చేరవేసే చిన్న పెట్టె పోయిన వారమే పంపాను. ఇకపై మీ ఇంటికి ఎవరూ రానక్కర్లేదు.

భవదీయుడు,
సౌర విభాగం ఇంజనీరు

తా.క. వారం రోజులుగా మీ ఫ్యాను ఒక్క నిమిషమూ తిరగలేదు. చెడిపోయిందా?

*

ఇంజనీరు గారికి,

మీటరు పోయింది. గోడ మీద దాని చోటు మాత్రం తెల్లగా మిగిలింది. ఫ్యాను బాగానే ఉంది. తిరిగితే నా కాగితాలు లేచిపోతాయి, వచ్చినవాళ్ళ కోసం పెట్టించాను. దయచేసి ఇంకేదీ బాగుచేయకండి.

ఇట్లు,
అట్టల ముసలాయన

తా.క. మీ పెట్టె ఆకుపచ్చగా కన్నుకొడుతోంది. "రండి, కూర్చోండి" అన్నాను. మొహమాటస్తురాలు, కదలలేదు.

*

మాస్టారికి నమస్కారాలు.

ఇన్నాళ్ళూ మీ ఉత్తరాల పైభాగానికే జవాబు రాశాను. తా.క.లు సాంకేతిక విషయాలు కావని విడిచిపెట్టాను. నిన్న వాటిని మాత్రమే వరుసగా చదివాను. పొరపాటు నాది.

మీ బ్యాటరీ మూత తెరిచే పని లేనిది, శ్రేష్ఠమైనది. దాన్ని తీసివేసి, పాతరకం బ్యాటరీ పెట్టమని సిఫార్సు చేశాను. దాని ఆరు మూతలూ నెలనెలా విప్పి, మట్టం చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. లోపల ఆమ్లం ఉంటుంది కనుక మీరు ముట్టుకోరాదు, తెలిసిన మనిషే రావాలి. ఇరవై ఏళ్ళుగా ఇలాంటివి వద్దని అందరికీ చెబుతూ వచ్చాను. ఫైలులో కారణం దగ్గర "ఇంటివారి అవసరం" అని రాశాను.

ఆ పనికి ప్రస్తుతం మా దగ్గర మనిషి లేడు. నెలనెలా మొదటి ఆదివారం నేనే వస్తాను. నాకు వేరే పనేమీ ఉండదు.

భవదీయుడు,
సౌర విభాగం ఇంజనీరు

తా.క. ఆరు మూతలకూ కలిపి ఇరవై నిమిషాలు చాలు. ఆ తర్వాత ఎంతసేపు కూర్చోవచ్చో నాకు తెలియదు.