రాయి దాటిన అమ్మాయి

మావా,

బాగున్నావా? నువ్వు కొండెక్కి తిరిగి రాక రెండు కాఫీ కాపులు అయిపోయాయి. ఈసారి పండు బాగానే దిగింది. మిరియాల తీగ సిల్వర్ ఓక్ చెట్టు సగం దాకా పాకింది. ఎక్కి కోసేవాడివి నువ్వే లేవు.

మీరు ముగ్గురూ ఎలా పోయారో ఇంకా ఎవరికీ తెలీదు. గైడుగా వెళ్లిన నువ్వు, వైజాగ్ నుంచి ట్రెక్కింగ్‌కని వచ్చిన ఆ అమ్మాయి, వాళ్లన్న. ఒంటి మీద గీత లేదు. గుడారం చిరగలేదు. వండిన అన్నం గిన్నెలో అలాగే ఉంది. పోలీసులు పుట్టగొడుగులన్నారు, పిడుగన్నారు... పరీక్షల్లో ఏదీ తేలలేదు. వీడియోలు తీసేవాళ్లయితే దయ్యమని కూడా చెప్పేసి పోయారు.

ఊళ్లో మాత్రం ఒకటే మాట. కొండదేవుడి రాయి దాటి ఆడది ఎక్కింది, అందుకే అని.

నాకు మండేది అక్కడే. పెళ్లైన కొత్తలో పైదాకా తీసుకెళ్లమని ఎన్నిసార్లు బతిమాలాను? "తప్పే! ఆడోళ్లు రాయి దాటకూడదు. నువ్విక్కడే ఉండు, బేగి వచ్చేత్తాను" అనేవాడివి. నేను రాయి దగ్గరే కొండచీపుర్లు కోసుకుంటూ ఉండేదాన్ని. మరి ఆ అమ్మాయినెలా తీసుకెళ్లావు? ముందురోజు అదే అడిగితే, "సిటీ ఆడగుంటల్ని మన దేవుడు ఎరగడే. నిన్నయితే ఇట్టే పోల్చేత్తాడు" అని నవ్వావు. నేనూ నవ్వాను... ఎంత పిచ్చిదాన్ని!

ఇంకోటి అడుగుతాను, కోప్పడకు. నీ దుప్పటి ఆమె ఒంటి మీద ఎందుకుంది? వాళ్లన్న దగ్గర జాకెట్లున్నాయి కదా... సంతలో నేను బేరమాడి కొన్న దుప్పటి మావా అది.

మొన్న వాళ్లమ్మ వచ్చింది. నువ్వు తోడున్నావు కాబట్టి తన పిల్లలు దిక్కులేకుండా పోలేదని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే కుళ్లుకున్నాను. అందరూ దేని కోసం బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారో అది ఆ పిల్లకి తెలుసు. నీ ఆఖరి మాట ఆమె వినే ఉంటుంది. నా పేరెత్తావా? ఎత్తినా అదీ ఆమెకే తెలుసు. పెళ్లాన్ని, నాకు తెలీదు.

దేవుడే చంపాడంటే నేను నమ్మను. నమ్మితే, ఆమె కోసం ప్రాణం పోగొట్టుకున్నావని ఒప్పుకోవాలి. అది మాత్రం ఒప్పుకోను.

ఏం జరిగిందో నీ నోటితో నువ్వు చెప్పేదాకా ఎవరేం చెప్పినా వినను. ఇది మాట. నేనొచ్చేదాకా మాత్రం, ఆ అమ్మాయికి కాస్త దూరంగా కూర్చో మావా.

నీ పెళ్లాం,
చిలకమ్మ