పడుకునే సీటు

తుమ్మలపెంట,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన ఫేబీ అక్కకు,

నీ చెల్లెలు మెర్లిన్ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయ వల్ల ఇక్కడ అమ్మ, మా ఆయన రూఫస్, పాప నవోమి, నేను అందరం కులాసాగానే ఉన్నాం. మెల్‌బోర్న్‌లో నువ్వు, హెన్రీ బావ బాగున్నారని, నీ ఒంట్లోకి వచ్చిన నా కిడ్నీ పేచీ పెట్టకుండా పని చేసుకుంటోందని నమ్ముతున్నాను.

కావలి వచ్చిన మీ సంఘం ఆవిడ నీ ఉత్తరం తెచ్చి ఇచ్చింది. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరాలేమిటని అమ్మ నవ్వింది. నువ్వెందుకు రాశావో నాకు తెలుసు. నువ్వు ఫోను చేస్తే నేను "బాగున్నానక్కా" అని ఒక్క మాట చెప్పి పాప చేతికి ఇచ్చేస్తున్నాను. అది నువ్వు కనిపెట్టావు. అందుకే నేను కూడా కాగితం మీదే జవాబు రాస్తున్నాను. కాగితమైతే మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవచ్చు.

ముందు నువ్వు అడిగినవి చెప్తాను. కోత మానింది. ఎడమ పక్కకు తిరిగితే లోపల ఏదో లాగినట్టు ఉంటుంది, అంతే. అమ్మ మోకాళ్ళకు నువ్వు పంపిన పట్టీలు సరిపోయాయి, కానీ చెమట పడుతోందని విప్పి గూట్లో పెట్టింది. హేచరీకి నేను ఇంకా పోవడం లేదు. రొయ్య పిల్లల్ని సంచుల్లో పోసి ఆక్సిజన్ పట్టి మూతి కట్టడమే నా పని అయినా, నీళ్ళ బకెట్లు ఎత్తకుండా అది జరగదు కదా. మా సూపర్‌వైజరు రంగనాయకులు గారు ఇంటికి వచ్చి చూసి, "ఈస్టరు పండగ పోయినాక రామ్మా, నీ పని యాడికీ పోదు" అని చెప్పి పోయారు. మంచి మనిషి.

నొప్పి కంటే అలసట ఎక్కువగా ఉందక్కా. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఉప్పు వేద్దామని లేస్తాను, డబ్బా చేతిలోకి తీసుకుని అక్కడే కూర్చుండిపోతాను. రూఫస్ ఆటో ఆపుకుని మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం వార్చి పోతున్నాడు.

ఇక విమానం సంగతి. నువ్వే కాదు, ఊరంతా అదే అడుగుతోంది. చేపలు అమ్మే అంకాలమ్మత్త గంప దించకుండానే, "ఏందిమే మెర్లినూ, విమానంలో నీకు మంచమేసినారంట గదా!" అంటుంది. ఔనత్తా అంటే, "దుప్పటి గూడా ఇచ్చినారా?" అంటుంది. రోజూ అవే రెండు ప్రశ్నలు.

వచ్చేటప్పుడు నేను మీ దగ్గరికి ఎలా వచ్చానో తెలుసు కదా, మోకాళ్ళు ముందు సీటుకు తగులుతూ, ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య. తిరుగు ప్రయాణానికి మాత్రం బావ నాకు బిజినెస్ క్లాస్ టికెట్ కొన్నాడు. కౌంటరు దగ్గర నిలబడి అక్కడి వాళ్ళకు రెండుసార్లు చెప్పాడు, "ఈమెకు ఆపరేషను అయింది, జాగ్రత్త" అని. నాకే ఏదోలా అనిపించి, తల వంచుకుని నిలబడ్డాను.

సీటు కాదక్కా అది, చిన్న గది. చుట్టూ కూర్చుంటే నా ఎత్తు గోడ, పక్కన నా కోసమే ఒక కిటికీ. సీటుకు బోలెడు బటన్లు. ఏది నొక్కితే ఏమవుతుందోనని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. విమానం లేచాక ఒక అమ్మాయి వచ్చి నొక్కి చూపించింది. సీటు కాళ్ళ వైపు సాగి, నడుం వైపు వాలి, నిజంగానే మంచం అయిపోయింది. దాని మీద పరుపు పరిచింది. అన్నం పెట్టేముందు బల్ల మీద తెల్ల గుడ్డ వేసింది. అన్నం, చేప పెట్టారు. చేపలో ఒక్క ముల్లు లేదు, నీచు వాసన కూడా లేదు, ఏం చేపో కనుక్కోలేకపోయాను. వాళ్ళిచ్చిన మెత్తటి చెప్పులు నవోమికి తెచ్చాను. ఇంట్లో టపటపమని వేసుకు తిరుగుతోంది.

"బాగా నిద్ర పట్టిందా?" అని రాశావు. ఇక్కడి నుంచి నిజం రాయాలి.

పట్టలేదక్కా. ఒక్క కునుకు కూడా లేదు.

ఆ అమ్మాయి తమిళ పిల్ల. నా ముఖం చూసి మన వైపు మనిషినని గుర్తుపట్టి తమిళంలో పలకరించింది. నాకు వచ్చిన చెన్నై తమిళంతో నేను బదులిచ్చాను. "అక్కా, దిండు ఒకటి చాలా, రెండు కావాలా?" అంది. మీ ఇష్టం అన్నాను. "కిటికీ మూసేదా, తీసే ఉంచేదా?" అంది. మీ ఇష్టం అన్నాను. "అన్నం ఇప్పుడే తింటారా, కాసేపు పడుకుని లేచాకా?" అంది. మళ్ళీ మీ ఇష్టమే అన్నాను. ఆ పిల్ల నవ్వేసి, "నా ఇష్టమేముందక్కా, తినేది మీరు, పడుకునేది మీరు. మీకేం కావాలో చెప్పండి" అంది.

నాకు ఏడుపు వచ్చింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పాపం ఆ పిల్ల భయపడి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "నొప్పా అక్కా? విమానంలో డాక్టరు ఎవరైనా ఉన్నారేమో అడిగేదా?" అంది. నొప్పి కాదని చెప్పాను. ఏమిటో మాత్రం చెప్పలేకపోయాను. నీకు చెప్తాను.

నీకు నా కిడ్నీ సరిపోతుందని తెలిసిన ఆదివారం మందిరంలో ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. సాక్ష్యాలు చెప్పేటప్పుడు అమ్మ లేచింది. "మా పెద్దదానికి దేవుడు దారి చూపించినాడు. మా చిన్నది కిడ్నీ ఇస్తా ఉండాది" అంది. అంతా స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళు ఏడ్చారు. పాస్టరు గారు ముందుకు పిలిచి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అక్కా, రక్తపరీక్షలకు ఒప్పుకున్నాను గానీ, ఇస్తానన్న మాట నేను వినడం కూడా అప్పుడే. మగవాళ్ళ వైపు కూర్చున్న రూఫస్ నన్ను చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. మరునాడు నువ్వు ఫోను చేసి, "నా ప్రాణం నిలబెడుతున్నావే" అని వెక్కి వెక్కి ఏడ్చావు. నేను ఊరుకో అక్కా అన్నాను. ఇంకేమంటాను?

మీ ఆసుపత్రిలో ఒకావిడ నన్ను ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి, తెలుగు వచ్చిన మనిషిని ఫోనులో పెట్టి అడిగింది, ఇది నీకు ఇష్టమేనా అని. వద్దనుకుంటే చెప్పు, కుదరలేదని మాత్రమే మీవాళ్ళకు చెప్తాం, కారణం బయటికి రానివ్వం అంది. ఇష్టమే అన్నాను. అది మనస్ఫూర్తిగా అన్న మాట, అందులో నీకు అనుమానం వద్దు. కానీ పేరు కూడా సరిగ్గా పలకలేని పరాయి మనిషి అడిగింది. మనవాళ్ళలో ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను. సింగపూర్‌లో నా రెండో విమానం ఆగిపోయిందని, అందుకే మరునాడు వచ్చానని మీకందరికీ చెప్పాను కదా. విమానం ఆగలేదు. నేనే ఎక్కలేదు. దిగిన చోట ఆ తమిళ పిల్ల నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, "చెన్నై విమానం దగ్గరికి తీసుకుపోమని చెప్పనా అక్కా?" అని అడిగింది. నా నోట్లోంచి "రేపు పోవచ్చా?" అని వచ్చింది. ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఆమె కౌంటరులో కనుక్కుని వచ్చి, "మీ టికెట్టుకు మార్చుకునే వీలుంది, రేపు పోవచ్చు" అంది. విమానాశ్రయం లోపలే ఉన్న హోటల్లో గది చూపించింది. బావ దారి ఖర్చుకు ఇచ్చిన డబ్బులు కట్టి, తలుపు వేసుకుని పడుకున్నాను. ఎవరికీ అన్నం పెట్టేది లేదు, ఎవరూ వచ్చి నన్ను మెచ్చుకునేది లేదు. మరునాడు పొద్దెక్కే దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

కానీ నేను మెసేజి పెట్టేసరికే రూఫస్, పాప రైలెక్కి చెన్నైలో దిగి ఉన్నారు. వాళ్ళిద్దరూ విమానాశ్రయం బయట కుర్చీల్లోనే నా కోసం పడిగాపులు పడ్డారు. అది తెలిసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మొన్న రూఫస్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. ఆటో అద్దం తుడుచుకుంటూ, "పోనీలే. నిద్రన్నా పట్టిందా?" అన్నాడు. పట్టిందన్నాను. "అయితే సరే" అన్నాడు.

ఇవాళ మందిరంలో కృతజ్ఞత కూడిక పెట్టారు. పాస్టరు గారు నన్ను సాక్ష్యం చెప్పమని పిలిచారు. నేను లేచి, "అయ్యగారూ, నాకు ఓపిక లేదు, ఇవాళ చెప్పను" అని కూర్చున్నాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. అమ్మ ముఖం మాడిపోయింది. ఇంటికి వచ్చాక అన్నం పెట్టి నా ఎదురుగా కూర్చుని, "పదిమందిలో నా పరువు తీసినావు గదమే" అంది.

"ఆరోజు పదిమందిలో చెప్పేముందు నన్ను ఒక మాట అడగాల్సింది అమా" అన్నాను.

అమ్మ నా కంచంలో ఇంకాస్త కూర వేసింది. తర్వాత, "అడిగితే వద్దంటావేమోనని బయపడినా. నీకూ బిడ్డ ఉండాది. నువ్వు వద్దంటే నేను యా మొగం పెట్టుకోని మళ్ళీ అడగాలా? అందుకే ముందే చెప్పేసినా" అంది.

"తెలిసే చేసినావా?"

"తెలిసే చేసినా. నాకు ఇద్దరూ కావాల్సి వచ్చినారు, ఏం చేసేది?" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు కోపం రాలేదు. అలాగని పర్వాలేదు అని కూడా అనలేదు. ఇద్దరం అన్నం తిన్నాం. గిన్నెలు అమ్మే కడిగింది.

నీ ఉత్తరం చివర, "నా మీద కోపమా మెర్లీ?" అని రాసి కొట్టేశావు. కొట్టేసినా కనిపిస్తోంది. కోపం లేదక్కా. నువ్వు బతకాలని నేను ఎంత ఏడ్చానో రూఫస్‌కు తెలుసు. బడి సెలవుల్లో పాపను తీసుకుని రమ్మన్నావు, బావ మళ్ళీ అదే సీటు కొంటాడన్నావు. రాలేను. ఇంత దూరం మళ్ళీ తిరిగే ఓపిక నాకు లేదు.

డాక్టర్లు సరేనన్నాక నువ్వే రా. వచ్చి నా పక్కన కూర్చుని, ఎవరూ లేనప్పుడు ఒక్కసారి అడుగు, "ఇస్తావా చెల్లీ?" అని. ఇచ్చేశాక అడిగేదేమిటి అనుకోకు. నేనేం చెప్తానో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా నువ్వు అడగాలి, నేను చెప్పాలి.

మందులు వేళకు వేసుకో. బావకు నా వందనాలు చెప్పు.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూసే చెల్లెలు,
మెర్లిన్