‘వీరితో జాగ్రత్త’ బోర్డు మీది ఫొటో

మాంటెగో బే నగరం, కోరల్ వీధి సంత పోలీసు ఇన్‌స్పెక్టరు గారికి, సముద్రపు ఒడ్డు హోటలు గేటు కాపలాదారు హోరేస్ టల్లక్ వ్రాసుకొను అర్జీ.

విషయం: సంత బోర్డు మీద దొంగల సరసన ఉన్న నా ఫొటో తొలగించుట గురించి.

అయ్యా,

1. పదకొండేళ్లుగా మా అతిథులకు గేటు వద్ద హితవు చెప్పుట నా విధి. "సంతలో ఎవడైనా ‘మీ హోటలు మనిషినే, గుర్తుపట్టలేదా’ అంటూ వస్తే నమ్మకండి. సంచి గట్టిగా పట్టుకుని కేక వెయ్యండి" అని చెప్పుచుందును.

2. గత శనివారం నాకు సెలవు. ఒంటిపై యూనిఫాం లేదు. మా అతిథి యగు ఒక దొరసాని చేతిసంచి అల్లం బండిపై మరచిపోగా, అది పట్టుకొని వెంట పరుగెత్తితిని. ఏ మాట నమ్మవద్దంటినో ఆ మాటే నా నోట వచ్చినది. ఆమె నేను నేర్పినట్లే చేసినది. కేక చాలా బాగా వేసినది.

3. సోమవారం హోటలు వారు ‘ఇతడు మావాడే’ అని చీటీ పంపగా తమవారు నన్ను ఠాణా నుండి విడిచిరి. ఫొటోను మాత్రం విడువలేదు.

4. ఆ బోర్డుకు ఎదురుగానే నా భార్య మెర్లీన్ అల్లం అమ్మును. పక్క బండి మిస్ ఐసిల్డా, "ఏమే మెర్లీన్, మొగుణ్ణి చూసుకోడానికి ఇంటికెళ్లే పనే లేదుగా నీకు, పొద్దస్తమానం ఎదురుగానే ఉన్నాడు" అన్నదట. సంతంతా నవ్వినది. ఆనాటి నుండి మెర్లీన్ నా మొహం చూచుట లేదు. నాకు తల ఎత్తుకొనుటకు లేదు.

కావున ఈ నాలుగు ముక్కలు దయతో చిత్తగించి, ఆ ఫొటో దింపించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
హోరేస్ టల్లక్

తా.క.: సంతకం పెట్టాక కూడా మనసు ఊరుకోలేదు. నా ఫొటోకి ఎడమపక్కన ఉన్నవాడు బర్చెల్. మా హోటల్లో రోజుకూలి తోటమాలి. నాలుగేళ్ల కిందట ఒక అతిథి మర్చిపోయిన గొడుగు ఇవ్వబోయి వాడూ ఇలాగే దొరికాడు. మీ కానిస్టేబులు వాణ్ణి గేటు దగ్గరికి తెచ్చి, "వీడు మీవాడేనా?" అని నన్నడిగాడు. అప్పటికే ఆ అతిథి మా కొత్త మేనేజరు ముందు నన్ను తెగ మెచ్చుకుంటోంది, నా హితవు వల్లే బయటపడ్డానని. బర్చెల్ నా వంక చూసి, "చెప్పన్నా" అన్నాడు. పొద్దున వాడు తెచ్చిన చేపముక్క తిన్నవాణ్ణే. "వీడెవరో నాకు తెలీదు" అన్నాను. వాడి పని పోయింది. నా యూనిఫాం భుజానికి ఇంకో హోదా పట్టీ వచ్చింది.

వాడి ఫొటో తియ్యండి సార్. నాది ఉండనివ్వండి. మెర్లీన్‌కి నేను చెప్పుకుంటాను.