మంగమ్మ చెయ్యి

శుక్రవారం

పెరట్లో స్విమ్మింగ్ పూల్ లైట్లు, వైర్లు ఇవాళ మార్పించాను. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ పాతవి పీకితే, అంతా తోటలో బోరు మోటారుకి కరెంటు లాగగా మిగిలిన మామూలు వైరే, నీళ్లలో వేసే రకం కాదు. వృథా ఎందుకని అప్పట్లో అది వేయించింది నేనే. "ఇన్నాళ్లూ ఎవరికీ షాక్ కొట్టలేదాండీ?" అన్నాడు. లేదన్నాను.

పూల్ కడిగే మంగమ్మ ఎండాకాలంలోనే చెప్పింది, నీళ్లలో చెయ్యి పెడితే జివ్వుమంటోందని. మామిడికాయలు కోసిన చెయ్యి కదా, సొన వల్లేలే అన్నాను. ఆ రోజు నుంచి మా పిల్లల్ని దిగనివ్వలేదు. తనని ఒక్క రోజూ ఆపలేదు.

సాయంత్రం కొత్త లైట్లు వేసి చూస్తుంటే మంగమ్మ వచ్చింది. "ముందు నేను చెయ్యి పెట్టి చూస్తానుండండి అమ్మగారూ, తర్వాత పిల్లల్ని దింపుదురుగాని" అంది.

పిల్లల్ని ఎందుకు ఆపానో తనకెప్పుడూ చెప్పలేదు.