రొట్టెల దళంలో ఆల్విన్

మార్చి 8, 1982

గౌరవనీయులైన శ్రీమతి గెసీనే హార్బెర్స్ గారికి,

యుద్ధ సమాధుల విచారణ కార్యాలయం నుంచి ఫోల్క్‌మార్ డీస్టెల్ వ్రాయునది. 1944 ఆగస్టు నుంచి జాడ తెలియని మీ తమ్ముడు ఆల్విన్ గురించి మీరు పెట్టుకున్న అర్జీ ఒక కొలిక్కి వచ్చిందని తెలియజేస్తున్నాం. ఫ్రాన్సులోని నార్మండీలో ఒక రైతు గాలికి పడిపోయిన ఆపిల్ చెట్టును పెకలిస్తుంటే, దాని కింద ఒక సైనికుడి సమాధి బయటపడింది. మెడలో గుర్తింపు బిళ్ల సగం ఉంది. రెండో సగాన్ని తోటివాళ్లు విరిచి పంపే ఉంటారు గాని మాకు చేరలేదు. బిళ్ల మీదున్న దళం పేరు: సైన్యపు రొట్టెల దళం.

ఆ దళం జాబితా నీళ్లలో నానింది. బిళ్ల మీది నంబరుకు ఎదురుగా ‘ఆల్విన్ హార్’ వరకే చదవగలుగుతున్నాం. ‘ఇతను మా తమ్ముడే’ అని జతచేసిన పత్రం మీద సంతకం పెట్టి పంపితే, సమాధి రాతి మీద పేరు చెక్కిస్తాం. లేదంటే ‘పేరు తెలియని జర్మన్ సైనికుడు’ అనే ఉంటుంది. సంతకం అందగానే ఫైలు మూసేస్తాం. ఆ తరువాత ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండవు.

భవదీయుడు,
ఫో. డీస్టెల్


మార్చి 15, 1982

అయ్యా డీస్టెల్ గారూ, నమస్కారం.

రొట్టెల దళమా? మావాడు ట్యాంకు దళంలో ఉండేవాడండీ! మా నాన్న మొదటి యుద్ధంలో కాలు పోగొట్టుకున్న మనిషి. ఆల్విన్ రాసిన ప్రతి ఉత్తరాన్నీ బీరు కొట్టులో నిలబడి అందరికీ చదివి వినిపించేవాడు. ఇప్పటికీ మా ఊరి తుపాకీ సంఘం ఏటా నవంబరులో స్మారకం దగ్గర పూలచక్రం పెట్టి, ‘ట్యాంకు వీరుడు ఆల్విన్ హార్బెర్స్’ అని చదివి, గాల్లోకి మూడుసార్లు కాలుస్తుంది. ఇన్నేళ్లూ కాల్చిన తూటాలన్నీ రొట్టెలు చేసేవాడి కోసమని వాళ్లకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

పైగా మావాడికి కోడిగుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. మీకు దొరికింది వేరే ఆల్విన్ అయి ఉంటాడు. ఇంకాస్త వెతకండి.

ఇట్లు,
గెసీనే హార్బెర్స్

తా.క.: నేను శ్రీమతిని కాను. అరవై నాలుగేళ్ల కుమారిని.


ఏప్రిల్ 2, 1982

గౌరవనీయులైన కుమారి హార్బెర్స్ గారికి,

పొరపాటుకు మన్నించండి. మీ కోరిక మీద డాక్టరు నివేదిక తెప్పించాను. దొరికిన మనిషి ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. పై వరుసలో ముందు పన్ను సగం విరిగింది. మీరు అర్జీలో రాసిన ఆనవాళ్లూ ఇవే. వంట సంగతంటారా, సైన్యం ఎలాంటి చేతకానివాడి చేతనైనా రొట్టెలు చేయించగలదు. పత్రం మళ్లీ జతచేస్తున్నాను.

భవదీయుడు,
ఫో. డీస్టెల్

తా.క.: కోడిగుడ్డు విషయం ఫైలులో చేర్చాను. ఎందుకు చేర్చావని మా పై అధికారి అడిగారు. అదీ ఒక ఆనవాలే అన్నాను.


ఏప్రిల్ 21, 1982

డీస్టెల్ గారికి నమస్కారం.

ముందు పన్ను విరగడం మా వీధిలో ఒక ఆనవాలే కాదు. చలికాలం కాలువ గడ్డకడితే దాని మీద జారడానికి పోయి పన్ను విరగ్గొట్టుకోని మగపిల్లాడు మా ఊళ్లో లేడు. మా పాస్టరుగారికైతే రెండు లేవు. ఎత్తంటారా, గుమ్మానికి తల కొట్టుకోనివాణ్ని ఇక్కడ పొట్టివాడంటాం.

ఇంతకీ ఆయన చెవులు ఎలా ఉన్నాయి? మా ఆల్విన్ చెవులు చూస్తే ఎవరూ మరిచిపోలేరు. ఆ విషయం మీ నివేదికలో లేకపోవడం వింతగా ఉంది.

ఇట్లు,
గెసీనే హార్బెర్స్

తా.క.: మా వైపు మూడు కప్పులకు తగ్గకుండా టీ తాగకపోతే ఇంటివాళ్లను అవమానించినట్టు. నాతో కూర్చుని తాగేవాళ్లు ఎవరూ లేరు గనుక, మొన్న మీ ఉత్తరాన్నే ఎదురుగా పెట్టుకుని మూడు కప్పులూ తాగాను. మీ కప్పు చల్లారిపోయింది.


ఆగస్టు 30, 1982

గౌరవనీయులైన కుమారి హార్బెర్స్ గారికి,

చెవులు ఇన్నేళ్లు మిగలవండీ. అందుకే నేను మరో దారి పట్టాను. ఆ దళంలో బతికి బయటపడ్డ యోస్ట్ క్రాంప్ అనే ఆయన దొరికారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

“ఆల్విన్ హార్బెర్సా? అయ్యో, వాడెందుకు తెలీదు! పొయ్యి దగ్గర వాడిదే గోల. పిండి పిసుకుతా పాడేవోడు, మేం ‘ఆపరా నాయనా’ అని పిండి ముద్దలు విసిరేవోళ్లం. పొడుగోడు గదా, పొయ్యిలోకి వంగినప్పుడల్లా నెత్తి తగిలేది. ఇమానాలొచ్చి బాంబులేసిన రోజు అందరం గోతిలో దూకాం. వీడు మాత్రం ‘రొట్టెలు మాడిపోతాయిరా’ అని వెనక్కి పరిగెత్తాడు. నేనే వాణ్ని ఆపిల్ చెట్టు కింద పూడ్చా. బిళ్ల సగం విరిచింది కూడా నేనే.”

అక్టోబరు ఒకటిన చెక్కడం పని మొదలవుతుంది. ఆలోగా సంతకం రాకపోతే మీ తమ్ముడికి పేరు ఉండదు. సాక్షి ఉన్నా రక్తసంబంధీకుల సంతకమే కావాలన్నది నియమం, నేను ఏమీ చేయలేను.

భవదీయుడు,
ఫోల్క్‌మార్ డీస్టెల్

తా.క.: నా బల్ల మీద అన్నిటికన్నా లావైన ఫైలు మీదే. ‘పెళ్లెప్పుడోయ్?’ అని మా పై అధికారి ఆటపట్టిస్తున్నారు. తప్పుగా అనుకోకండి.


సెప్టెంబరు 12, 1982

ప్రియమైన డీస్టెల్ గారికి,

సంతకం చేసిన పత్రం జతపరిచాను. అతను మావాడే. ఆ సంగతి మీ మొదటి ఉత్తరంలో ‘రొట్టెల దళం’ అని చదివిన క్షణంలోనే నాకు తెలుసు.

1943లో ఆల్విన్ నేను పాఠాలు చెప్పే బడి చిరునామాకు, నాకొక్కదానికే, ఒక ఉత్తరం రాశాడు. “అక్కా, నాన్నకి చెప్పొద్దు. ట్యాంకూ లేదు, ఏమీ లేదు. రొట్టెలు చేస్తున్నా. బాగానే చేస్తున్నా, నువ్వు నమ్మవు గానీ!” నేను నాన్నకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నాన్న పోయాడు, అమ్మ పోయింది. నవంబరులో వాళ్లు చదివే పేరు నాన్న కోసం వాడు కల్పించిన ఎవరో వీరుడిది, మావాడిది కాదు. నా తమ్ముడి గురించి నాతో మాట్లాడిన మనిషి ముప్పై ఎనిమిదేళ్లలో మీరొక్కరే.

సంతకం పెడితే ఇక ఉత్తరాలు ఉండవని రాశారు. అందుకే గుడ్డు, పన్ను, చెవులు. మీ కాలం వృథా చేశాను, క్షమించండి. ఒంటరిగా ఉన్నాను, అంతకన్నా చెప్పుకోవడానికి సాకు లేదు. క్రాంప్ గారి మాటలు చదివాక మాత్రం చాలా ఏడ్చాను. నాకు తోడు కోసం వాడిని పేరు లేకుండా పడుకోబెట్టడం పాపం. వీలుంటే పేరు కింద దళం పేరు కూడా చెక్కించండి.

ఇట్లు,
గెసీనే హార్బెర్స్

తా.క.: నిన్న తుపాకీ సంఘంలో లేచి నిలబడి ఉన్న నిజం చెప్పేశాను. తరువాత సంఘం అధ్యక్షుడు, యుద్ధంలో జలాంతర్గామిలో పోరాడానని ముప్పై ఏళ్లుగా కథలు చెప్పే త్యార్క్ ఓంకెన్, నన్ను పక్కకు పిలిచి, “గెసీనే, నేను గూడా కీల్ రేవులో నావికుల బట్టలుతికేవోణ్నే. ఎవరితో అనకు” అన్నాడు. మీరూ ఎవరితో అనకండి.

మరో తా.క.: ఫైలు మూసేశామని తెలియజేస్తూ మీ దగ్గరినుంచి ఒక ఉత్తరం రావాలని నియమం ఏమైనా ఉందా? ఉంటే, దయచేసి కాస్త పొడుగ్గా రాయండి.