నాన్నగారి రెండంగుళాలు

నాన్నగారూ,

సోమవారం ఏలూరులో జిల్లా టెక్నాలజీ అధికారిగా చేరాను. మీరుంటే ఆర్డరు కాగితం జేబులో పెట్టుకుని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించేవారు.

నాకిచ్చిన మొదటి పని, చనిపోయిన ఉద్యోగుల లాగిన్లు తీసేయడం. ఆ జాబితాలో మీ పేరుంది. మీరు పోయి ఏడాది దాటినా కొల్లేరు నీటిమట్టం రోజూ ఉదయం ఆరింటికి మీ లాగిన్‌లోనే నమోదవుతోంది. ఆఫీసుల్లో ఒకరి పాస్‌వర్డు పదిమంది వాడతారు కదా, అలాంటిదే అనుకున్నాను. మీతో పాటు నీటి లెక్కలు చూసిన లస్కరు గారికి ఫోన్ చేశాను.

"ఆ లెక్క నేనెందుకు వేస్తానమ్మా? సెన్సారు బిగించాక ఆ గేజీ స్తంభం దగ్గరికి ఎవరూ వెళ్ళట్లేదండీ," అన్నారు.

సెన్సారు లెక్కనీ మీ లాగిన్‌లోని లెక్కనీ పక్కపక్కన పెట్టి చూశాను. మీది ప్రతిరోజూ సరిగ్గా రెండంగుళాలు తక్కువ.

చిన్నప్పుడు సైకిలు మీద నన్ను ఆ స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి చెప్పారు, గుర్తుందా? "స్తంభం బురదలో రెండంగుళాలు దిగిందమ్మా, నీళ్ళు అంత ఎక్కువ చూపిస్తోంది. పైవాళ్ళకి చెబితే వినరు. అందుకే ఆ రెండూ తీసేసి రాస్తాను. ఎవరికీ చెప్పకు." నేను ఎవరికీ చెప్పలేదు. సెన్సారు కూడా ఆ స్తంభం గీతలనే నమ్ముకుంది, ఆ రెండూ తీసేయాలని దానికి తెలీదు.

నిన్న సాయంత్రం మీ లాగిన్ తీసేశాను. బటన్ నొక్కడానికి చాలాసేపు పట్టింది.

ఇవాళ ఉదయం ఆరింటికి మళ్ళీ లెక్క నమోదైంది. రెండంగుళాలు తక్కువగానే ఉంది. నమోదు చేసినవారు అన్నచోట నా పేరుంది.

ఆ సమయానికి నేను వంటింట్లో పాలు కాస్తున్నాను, నాన్నగారూ.