గేటు సామికి చుట్ట

5 జూలై 1996, శుక్రవారం

ఈ రోజు కూడా సామి చుట్ట ఆరిపోయింది.

మద్రాసు అంబత్తూరులో మా ఫ్యాక్టరీ పోయిన దీపావళికి ముందే మూతపడింది. లేత్‌లు అమ్మేశారు. స్టోర్‌కీపర్ని గనక తాళాలకి నన్ను ఉంచారు. ఇప్పుడు మిగిలింది నేనూ, గేటు పక్కన మీసాల కాపలా దేవుడు మునీశ్వరన్ సామీ. ఇద్దరం వాచ్‌మన్లమే. ఆయనకి కత్తి ఉంది, నాకు గొడుగు.

శుక్రవారం ఆయనకి చుట్ట వెలిగించి పెట్టాలి. ఇన్నేళ్ళూ అది ఫోర్‌మన్ నాగప్పన్ పని. మాకు వీపు పెట్టి ఏదో చేసేవాడు. ఇటు తిరిగేసరికి పొగ లేచేది. నేను అగ్గిపుల్ల పెడితే కాసేపు ఎర్రగా చూసి ఆరిపోతుంది. నోట పెట్టి లాగితే అంటుకుంటుంది, నిజమే. సామికి ఎంగిలి పెడతామా?

చిత్తూరు పక్క మా పల్లెలో కాపలా గంగమ్మది. అంబలి పోస్తే చాలు. అగ్గిపెట్టెతో పనిలేదు.

12 జూలై, శుక్రవారం

మళ్ళీ ఆరింది.

16 జూలై

ఓనర్ ఫోన్ చేశాడు. స్థలం అమ్ముడుపోయిందట. నెలాఖరుకి తాళాలు ఇచ్చేయాలి. కొన్నవాళ్ళు గూర్ఖాని పెట్టుకుంటారట. మరి సామి సంగతేంటన్నా. ఆయన ఉంటాడులే అన్నాడు. ఆయన ఉద్యోగం నిలిచింది, నాదే పోయింది.

మా ఆవిడ కోకిల పోయాక ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. ఇక్కడికొస్తే ఈయనైనా వింటాడు. నేను పోతే ఈయనకి శుక్రవారం ఎవరు చేస్తారు?

20 జూలై

శుక్రవారం సామికి చుట్ట వెలిగిస్తావా అని టీకొట్టు చెల్లమ్మని అడిగా. మా పక్క మనిషే.

"టీ పొయ్యమంటే పోస్తానన్నా, సురుట్టు నాతో గాదు. అయినా ఇన్నాళ్ళూ ఆరిపోయిన సురుట్టే గదా పెడతా ఉండావు, ఆయన నిన్నేం జేసినాడు?"

ఏమీ చేయలేదు. అదే భయం. అలిగాడేమో.

తొండియార్‌పేట పోయి నాగప్పన్ని పట్టుకున్నా. ఆటో తోలుతున్నాడు. సామి కోసమైనా ఆ గేటు తొక్కనన్నాడు. పోనీ ఎలా వెలిగించేవాడివో చెప్పమన్నా. సవారీ వచ్చిందని పోయాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.

26 జూలై, శుక్రవారం

గూర్ఖా వచ్చాడు. పేరు దిల్‌బహదూర్. అతనికి తమిళం కొంచెం, తెలుగు సున్నా. నాకు హిందీ రాదు. సామికి ఏ భాష వచ్చో మేమిద్దరం అడగలేదు. వాళ్ళ ఊరి బయట కూడా ఇలాంటి మీసాలాయనే ఉంటాడట, పేరు వేరట.

చుట్ట చూపించా. లటుక్కున నోట్లో పెట్టుకుని రెండు దమ్ములు లాగి, బాగా అంటుకున్నాక సామి ముందు పెట్టాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కంగారులో తెలుగులోనే ఎంగిలి, ఎంగిలి అన్నా. అతనికేం అర్థం కాలేదు. చెల్లమ్మ వచ్చి తమిళంలో చెప్పింది. అతను వచ్చిన తమిళంలోనే చెప్పాడు.

"మా తాతకి చేతులు వణికేవి. ఆయన చుట్ట నేనే వెలిగించి ఇచ్చేవాణ్ణి. ఎంగిలంటే ఆయన తాగేవాడా?"

చుట్ట చివరిదాకా కాలింది. నాగప్పన్ మాకు వీపెందుకు పెట్టేవాడో ఇన్నాళ్ళకి తెలిసింది.

31 జూలై

తాళాలు ఇచ్చేశా. గొడుగు తెచ్చుకున్నా.

4 ఆగస్టు

రేడియో విన్నా.

9 ఆగస్టు, శుక్రవారం

బస్సు దిగి గేటు బయటే నిలబడ్డా. సామి ముందు పొగ లేస్తోంది. దిల్‌బహదూర్ నన్ను చూసి ఇంకో చుట్ట తీశాడు. నోట పెట్టి వెలిగించి, గేటు సందులోంచి నాకందించాడు.

నాకు చుట్ట అలవాటు లేదు. ఆరిపోనీకుండా తాగా.